నీళ్ళలో పడ్డోడికి స్పృహ లేకపోతే ఊపిరి ఎవరు బిగబడతారు?

డంజన్స్ అండ్ డ్రాగన్స్, అంటే టేబుల్ చుట్టూ కూర్చుని పాచికలతో కథ నడిపే ఆటలో, స్లీప్ స్పెల్ (నిద్రపుచ్చే మంత్రం) తగిలిన ఫైటర్ (యోధుడు) ఒకడు పడవ మీంచి జారి ఏట్లో పడిపోయాడు అనుకోండి. కాన్‌స్టిట్యూషన్ (ఒంటి గట్టిదనం) 14, అంటే లెక్కల్లో కలిపే మాడిఫయర్ ప్లస్ 2. వాడు ఎన్ని రౌండ్లు, అంటే ఆరేసి సెకన్ల విడతలు, తట్టుకుంటాడు? ఆట 2014 పుస్తకంలో అదే పేరా చదివి ఒకడు 32 రౌండ్లు అంటాడు, పక్కనున్నోడు 2 రౌండ్లు అంటాడు, ఇద్దరి ముందూ పేజీ తెరిచే ఉంటుంది, ఇద్దరూ వేలు పెట్టి మరీ చూపిస్తారు. మామూలుగా ఒక ఫైట్ మూడు నాలుగు రౌండ్లలో తేలిపోతుంది కాబట్టి 32 అంటే వాడికి ఏమీ కానట్టే లెక్క, 2 అంటే పోయినట్టే లెక్క, ఇంత తేడా ఎక్కణ్ణుంచి వస్తోందో తేల్చుకోకుండా ఎవరూ ఏరు దాటే సీన్ పెట్టకండి అని నా మనవి.

మాది పర్లాకిమిడి. ఉండేది ఒడిశాలో, ఇంట్లో తెలుగు, బజార్లో రెండూ. పాతపట్నం నుంచి ఇద్దరు బండి మీద వస్తారు, గుణుపురం నుంచి ఒకడు రైల్లో వస్తాడు. పుస్తకం ఇంగ్లీషులో, ఆట తెలుగులో, తిట్లు మాత్రం ఒడియాలో. డీఎం (డంజన్ మాస్టర్, ఆట నడిపేవాడు) నేనే కాబట్టి తీర్పులన్నీ నా నెత్తినే పడతాయి. నేను నడిపే ప్రపంచంలో కూడా ఒక పెద్ద ఏరు ఉంది, వంశధారకి దగ్గర చుట్టం లాంటిది, ఎండాకాలం మోకాలి లోతు, వానాకాలం పైన కొండల్లో వాన పడితే ఇక్కడ ఎండగా ఉండగానే నీళ్ళు వచ్చి పడిపోతాయి. అందుకని మా టేబుల్ మీద ములిగిపోవడం రూల్ తరచుగా బయటికొస్తుంది. వంశధార నీళ్ళ పంచాయితీకి 2010లో ట్రిబ్యునల్ వేస్తే తీర్పు 2017లో గానీ రాలేదు, మా పంచాయితీ అంత కాలం పట్టలేదు గానీ ఒక దశలో అలాగే కనిపించింది.

ముందు అసలు రూల్. 2014 ఎడిషన్‌లో ఊపిరాడకపోవడం గురించి ఉన్నది రెండు ముక్కలు. మొదటిది, ఏ ప్రాణైనా 1 ప్లస్ కాన్‌స్టిట్యూషన్ మాడిఫయర్ అన్ని నిమిషాలు ఊపిరి బిగబట్టగలదు, ఎంత తక్కువైనా 30 సెకన్లు. రెండోది, ఆ ఊపిరి అయిపోయాక గానీ, లేదా గొంతులో ఊపిరి ఆడక ఉక్కిరిబిక్కిరి అవుతున్నప్పుడు గానీ, మాడిఫయర్ అన్ని రౌండ్లు తట్టుకుంటుంది, కనీసం 1, ఆ తర్వాత తన టర్న్ (వంతు) మొదలవ్వగానే హిట్ పాయింట్లు (ప్రాణబలం లెక్క) సున్నాకి పడిపోయి చావుబతుకుల్లోకి వెళ్తుంది, మళ్ళీ గాలి పీల్చేదాకా హిట్ పాయింట్లు రావు, స్టెబిలైజ్ చెయ్యడం, అంటే చావకుండా నిలబెట్టడమూ కుదరదు. రౌండ్ అంటే 6 సెకన్లు, నిమిషానికి 10 రౌండ్లు. మన ఫైటర్‌కి మొదటి ముక్క ప్రకారం 3 నిమిషాలు, అంటే 30 రౌండ్లు, దాని మీద రెండో ముక్కలోని 2 కలిపితే 32. మొదటి ముక్క ఎగిరిపోతే మిగిలింది 2. అంతే, గొడవంతా ఇక్కడే ఉంది, ఆ నిద్రలో ఉన్నోడు మొదటి ముక్కలోంచి మొదలవుతాడా, నేరుగా రెండో ముక్కలోకి పడతాడా.

ఇప్పుడు కండిషన్ల పేజీ, అంటే క్యారెక్టర్‌కి పట్టే స్థితుల జాబితా, తియ్యండి. అన్‌కాన్షస్ (స్పృహ లేకపోవడం) అంటే ఏంటి? ఇన్‌కపాసిటేటెడ్ అయిపోతాడు, అంటే యాక్షన్లు (తన టర్న్‌లో చేసే పనులు), రియాక్షన్లు (అప్పటికప్పుడు ఎదురు చేసేవి) ఉండవు, కదల్లేడు, మాట్లాడలేడు, చుట్టూ ఏం జరుగుతోందో తెలీదు, చేతిలో ఉన్నవి జారిపోతాయి, కింద పడిపోతాడు, స్ట్రెంగ్త్ (బలం), డెక్స్‌టెరిటీ (చురుకు) సేవ్‌లు, అంటే తప్పించుకోడానికి వేసే పాచికలు, ఆటోమేటిగ్గా ఫెయిల్, పక్కన నిలబడి కొడితే తగిలిన ప్రతి దెబ్బా క్రిటికల్ (మరీ గట్టి దెబ్బ). ఇంత రాశారు కానీ ఊపిరి గురించి ఒక్క ముక్క లేదు. ప్యారలైజ్డ్ (చచ్చుబడిపోవడం) లోనూ లేదు, స్టన్డ్ (దిమ్మెరపోవడం) లోనూ లేదు. అటు ఊపిరి రూల్ చూస్తే బిగబట్టడానికి యాక్షన్ ఖర్చవుతుందనీ లేదు, తెలివిలో ఉండాలనీ లేదు. ఒక రూల్ ఒంటి గురించి మాట్లాడుతుంది, ఇంకోటి ఊపిరితిత్తుల గురించి, రెండూ ఒకదాన్నొకటి ఎప్పుడూ చూసుకోలేదు. నా వాదన ఏంటంటే కండిషన్ పేరు చూసి ఊపిరి తేల్చడం కుదరదు, నీళ్ళలోకి వెళ్ళే క్షణంలో ఆ మనిషికి ఆ సంగతి తెలుసా లేదా అన్నదే చూడాలి, మిగతావన్నీ దాని వెనకే వస్తాయి.

ఎందుకంటే, ఊపిరిని ప్రీపెయిడ్ బ్యాలెన్స్ అనుకోండి. స్టన్ తగిలినా ప్యారలైజ్ అయినా ముందే వేయించుకున్న రీఛార్జ్ పోదు, ఫోన్ వాడలేకపోతున్నావు అంతే. కానీ అసలు రీఛార్జే చెయ్యకుండా నీళ్ళలోకి వెళ్తే బ్యాలెన్స్ ఎక్కణ్ణుంచి వస్తుంది?

హోల్డ్ పర్సన్ తీసుకోండి, సెకండ్ లెవెల్ స్పెల్, మనిషి ప్యారలైజ్డ్. కదల్లేడు, అరవలేడు, కానీ వాడికి అన్నీ తెలుస్తూనే ఉంటాయి, ఆ కండిషన్‌లో చుట్టుపక్కల తెలీదు అన్న మాట లేదు. వంతెన మీద బిగుసుకుపోయినోణ్ణి ఎవడో తోసేస్తే కింద నీళ్ళు కనిపిస్తూనే ఉంటాయి, గుండెల్నిండా పీల్చుకుంటాడు, 3 నిమిషాలు వాడివి. నిజం ఒంట్లో అయితే కండరాలన్నీ చచ్చుబడితే ఊపిరి తీసే కండరమూ చచ్చుబడాలి అని మా గుణుపురం వాడు వాదించాడు, నర్సింగ్ చదువుతున్నాడు కాబట్టి వాడికి తెలుసు, కానీ అలా అయితే హోల్డ్ పర్సన్ ఒడ్డు మీద కూడా ఊపిరాడక చంపేసే స్పెల్ అయిపోతుంది, పుస్తకం ఆ దారిలో పోలేదు. స్పెల్ ఎక్కువలో ఎక్కువ 1 నిమిషం, ప్రతి టర్న్ చివరా విజ్‌డమ్ (మనోబలం) సేవ్ ఉంటుంది. కాబట్టి ప్యారలైజ్ అయినోడు ఒంటరిగా నీళ్ళ వల్ల చావడం దాదాపు జరగదు, వాడి వెంట మొసలి దిగితే అది వేరే కథ.

స్టన్డ్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. మాంక్ (యోధ సన్యాసి) కొట్టిన స్టన్ మళ్ళీ ఆ మాంక్ టర్న్ అయ్యేలోపు పోతుంది, ఆ లోపు ఎవడూ ములిగి చావడు.

నిద్ర మాత్రం అసలు చిక్కు. స్లీప్ స్పెల్ 2014లో 1 నిమిషం ఉంటుంది, ఆ లోపు దెబ్బ తగిలితే పోతుంది, లేదా పక్కనోడు యాక్షన్ పెట్టి కుదిపి లేపాలి. మా టేబుల్ మీద అందరికీ వచ్చిన మొదటి ప్రశ్న, చన్నీళ్ళు మొహాన కొడితే ఎవడైనా లేస్తాడు కదా అని. పుస్తకం ప్రకారం లేవడు. నీళ్ళు దెబ్బ కాదు. ఇంకా విచిత్రం, ములిగిపోవడం కూడా దెబ్బ కాదు, హిట్ పాయింట్లు సున్నాకి పడతాయి కానీ దాన్ని డ్యామేజ్ అని ఎక్కడా అనలేదు, కాబట్టి వాడు చచ్చే దాకా వచ్చినా ఆ నిమిషం అయ్యేదాకా నిద్ర దానంతటది చెదరదు. దీన్నే తిరగేసి చూడండి, 20 అడుగుల వంతెన మీంచి పడితే 2డీ6 (ఆరు ముఖాల పాచికలు రెండు) డ్యామేజ్, దెబ్బ తగిలింది కాబట్టి వెంటనే లేచిపోతాడు. అంటే నిద్రపోతున్న మిత్రుణ్ణి తక్కువ ఎత్తు పడవ మీంచి పడెయ్యడం కన్నా ఎత్తైన వంతెన మీంచి పడెయ్యడమే వాడికి మేలు. ఇది నేను చెప్పాక మా వాళ్ళు ఒక సెషన్ అంతా నవ్వారు, ఆ తర్వాత నిజంగానే వాడారు.

అన్నట్టు ఎత్తు మీంచి నీళ్ళలో పడితే దెబ్బ సగానికి తగ్గించుకునే రూల్ ఒకటి 2020లో వచ్చిన తాషా అనే అదనపు రూల్స్ పుస్తకంలో ఉంది, డీసీ (పాచిక మీద తెచ్చుకోవాల్సిన అంకె) 15 అథ్లెటిక్స్ లేదా యాక్రోబాటిక్స్, తల గానీ కాళ్ళు గానీ ముందు తగిలేలా దూకడం. దానికి రియాక్షన్ కావాలి, ఇన్‌కపాసిటేటెడ్‌కి రియాక్షన్లు ఉండవు, కాబట్టి కండిషన్‌కీ నీళ్ళకీ నేరుగా లింకు పెట్టిన చోటు అంటే నాకు గట్టిగా కనిపించింది ఇదొక్కటే.

ఇన్‌కపాసిటేటెడ్ అంటే కుప్పకూలిపోయినట్టే అని చాలామంది అనుకుంటారు, అది ఎంత తప్పో హార్పీ, అంటే పాటతో మనుషుల్ని లాగే పక్షి రాక్షసి, చూపిస్తుంది. మా పర్లాకిమిడిలో కొమ్ముతో బొమ్మలు చేస్తారు తెలుసు కదా, కొంగలు, రొయ్యలు, దేవుడి బొమ్మలు. మినియేచర్లు కొనే డబ్బులు లేక ఆ కొమ్ము కొంగనే హార్పీగా పెట్టాను, ఏటి మధ్యలో రాయి మీద. హార్పీ పాట 300 అడుగుల దాకా వినబడుతుంది, డీసీ 11 విజ్‌డమ్ సేవ్, ఫెయిలైతే ఆకర్షణలో పడి ఇన్‌కపాసిటేటెడ్ అయిపోయి, దాని వైపు తిన్నగా నడుస్తాడు. మా పాతపట్నం బావ క్యారెక్టర్ ఫెయిలయ్యాడు.

"అదేటి బావా, ఇన్‌కపాసిటేటెడ్ అన్నావు, మరి ఆడు నడుస్తన్నాడేటి?"

"యాక్షన్లు లేవు, రియాక్షన్లు లేవు. కాళ్ళు ఉన్నాయి కదరా" అన్నాను నేను.

2014లో ఆ కండిషన్ ఆపేది యాక్షన్లనీ రియాక్షన్లనీ మాత్రమే, నడకని కాదు. సరే ఒడ్డు దాకా వచ్చాడు. ఇప్పుడు రెండో ప్రశ్న, హార్పీ రూల్‌లో లావా, గొయ్యి లాంటి దెబ్బ తగిలే చోట అడుగు పెట్టే ముందు ఇంకో సేవ్ ఇస్తారు, మరి ఏరు దెబ్బ తగిలే చోటేనా? అక్షరం పట్టుకుంటే కాదు, నీళ్ళు డ్యామేజ్ చెయ్యవు. నేను ఇచ్చాను, ఎందుకంటే గొయ్యి కూడా పడేదాకా డ్యామేజ్ చెయ్యదు, వరదలో ఉన్న ఏరు గొయ్యి కన్నా మంచిదేం కాదు. బావ మళ్ళీ ఫెయిలయ్యాడు. నీళ్ళలోకి దిగాడు. ఇక వీడు ములిగి పోయినట్టే అని పక్కనోళ్ళు డైస్ కింద పెట్టేశారు. కానీ ఈత అనేది యాక్షన్ కాదు, నడకలో భాగం, అడుగుకి ఇంకో అడుగు అదనంగా ఖర్చు అంతే, 30 అడుగుల స్పీడ్ ఉన్నోడు టర్న్‌కి 15 అడుగులు ఈదుతాడు. నీళ్ళు ఉధృతంగా ఉంటే డీఎం అథ్లెటిక్స్ చెక్ అడగొచ్చు. అంటే ఆ పిచ్చిలో ఉన్న మనిషి చక్కగా ఈదుకుంటూ హార్పీ కాళ్ళ దగ్గరికి వెళ్తాడు, ములిగి చావడు, దాని గోళ్ళకి చస్తాడు. తలకాయ నీళ్ళలోకి వెళ్తే పాట వినబడదు కదా అని ఇంకో పాయింట్ లేవదీశారు, వినబడాలన్నది మొదటి సేవ్ అప్పుడే, ఒకసారి పడ్డాక పాట ఆగేదాకా పట్టు ఉంటుంది, కానీ తల ములిగిన టర్న్‌లో సేవ్‌కి అడ్వాంటేజ్ (రెండు పాచికలేసి మంచిది తీసుకోవడం) ఇచ్చాను, అది నా దయ, పుస్తకంలో లేదు.

ఇప్పుడు హిట్ పాయింట్లు సున్నాకి పడ్డోడి సంగతి. ఇది ఇంకా గజిబిజి. ఫైట్‌లో దెబ్బ తిని సున్నాకి పడి, స్పృహ లేకుండా ఏట్లోకి దొర్లిపోయాడు. ములిగితే సున్నాకి పడతాడు అంటుంది రూల్, వీడు అప్పటికే సున్నాలో ఉన్నాడు, మరి ఏం మారింది? మారింది ఆ వాక్యంలో తోక ముక్క, గాలి పీల్చేదాకా హీలింగ్ లేదు, స్టెబిలైజ్ లేదు. మా క్లెరిక్ (మంత్రాలతో వైద్యం చేసే పూజారి) ఒడ్డు మీంచి హీలింగ్ వర్డ్ (దూరం నుంచే బాగుచేసే స్పెల్) వేసింది, 60 అడుగుల్లోనే ఉన్నాడు, కనిపిస్తున్నాడు, స్పెల్ వేసిన లెవెల్ కూడా పెద్దదే. నేను "ఏమీ అవ్వలేదు" అన్నాను. "ఏమీ అవ్వకపోడం ఏటండీ, స్లాట్ పోయింది కదా" అని ఆవిడ బాధ, స్లాట్ అంటే ఒక స్పెల్ వేసుకునే కోటా. నిజమే. కానీ 2014లో నీటి కింద ఊపిరి అయిపోయి సున్నాలో ఉన్నోడి మీద ఎంత హీలింగ్ పోసినా ఎక్కదు, ముందు మొహం పైకి తియ్యాలి, ఆ తర్వాతే మందు.

డెత్ సేవ్‌లు, అంటే సున్నాలో ఉన్నోడు ప్రతి టర్న్ వేసే చావుబతుకుల పాచికలు, ఎలా వెయ్యాలి? డీ20 (ఇరవై ముఖాల పాచిక) వేస్తే 10 ఆపైన సక్సెస్, మూడు సక్సెస్‌లు వస్తే స్టేబుల్, మూడు ఫెయిల్యూర్లు వస్తే చావు, 1 పడితే రెండు ఫెయిల్యూర్లు, 20 పడితే 1 హిట్ పాయింట్‌తో లేచి కూర్చుంటాడు. నీళ్ళలో స్టేబుల్ అవ్వకూడదు, హిట్ పాయింట్ రాకూడదు. కాబట్టి నా లెక్కలో 20కి విలువ లేదు, సక్సెస్‌లు ఎన్ని పడ్డా ఆగదు, మూడు ఫెయిల్యూర్లు వచ్చేదాకా వేస్తూనే ఉండాలి. ఒక్కో రోల్‌కి సగటున సగం ఫెయిల్యూర్ పడుతుంది, 2 నుంచి 9 దాకా ఒకటి, 1కి రెండు, కలిపితే 0.5. మూడు రావడానికి సగటున ఆరు రోల్స్ పైచిలుకు. అంటే సున్నాకి పడ్డాక కూడా సగటున అర నిమిషం పైనే దొరుకుతుంది, ఈదడం వచ్చిన మిత్రుడు ఉంటే అది చాలు.

డ్యామేజ్ కాదు అన్న మాట వల్ల ఇంకో రెండు తేడాలు వస్తాయి. డెత్ వార్డ్ అనే స్పెల్ డ్యామేజ్ వల్ల సున్నాకి పడబోతుంటే కాపాడుతుంది, ములిగితే డ్యామేజ్ లేదు కాబట్టి అది కాపాడదు. హాఫ్ ఆర్క్ అనే జాతికి పుట్టుకతో వచ్చే మొండితనం మాత్రం ఏ కారణం వల్ల సున్నాకి పడ్డా 1 దగ్గర నిలబెడుతుంది, డ్యామేజ్ అన్న షరతు లేదు. ఖరీదైన స్పెల్ చెయ్యలేని పని పుట్టుక చేస్తుంది, మా హాఫ్ ఆర్క్ దీన్ని ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటాడు.

2024లో పుస్తకం మార్చేశారు. ఊపిరి బిగబట్టే నిమిషాలు అవే. కానీ ఊపిరి అయిపోయాక, లేదా ఉక్కిరిబిక్కిరి అవుతున్నప్పుడు, ప్రతి టర్న్ చివరా ఒక లెవెల్ ఎగ్జాషన్ (అలసట) వస్తుంది, ఆరో లెవెల్‌కి చావు, మధ్యలో గాలి దొరికితే ములగడం వల్ల వచ్చిన లెవెల్స్ అన్నీ ఒకేసారి పోతాయి. కాన్‌స్టిట్యూషన్ ఎంతున్నా రెండో అంచె అందరికీ ఆరు టర్న్‌లే, 36 సెకన్లు. మన ఫైటర్ లెక్క 32, 2 కాస్తా 36, 6 అయింది, అంటే ఏ గట్టున మొదలవుతాడు అన్న పాత ప్రశ్న అలాగే ఉంది, తప్పు ఖరీదు మాత్రం తగ్గింది. ఇక్కడ నాకు బాగా నచ్చింది ఏంటంటే మనిషి చివరిదాకా తెలివిలోనే ఉంటాడు, కానీ ఒక్కో లెవెల్‌కి డీ20 రోల్స్ మీద 2 తగ్గుతుంది, స్పీడ్ 5 అడుగులు తగ్గుతుంది. ఐదో లెవెల్‌లో 30 అడుగుల వాడికి మిగిలింది 5 అడుగులు, ఈతకి రెట్టింపు ఖర్చు, 5 అడుగుల గడి ఒక్కటి కూడా దాటలేడు. చెయ్యి చాస్తే ఒడ్డు అందే దూరంలో ఉండి అందుకోలేడు. పాత రూల్‌లో బాగానే ఉన్నోడు ఒక్క టర్న్‌లో సున్నాకి పడిపోయేవాడు, ఇది ఒక్కో టర్న్ బిగుసుకుంటుంది, టేబుల్ మీద భయం దీనికే ఎక్కువ.

సున్నా హిట్ పాయింట్లలో ఉన్నోడికి మాత్రం 2024 రెండు కత్తులు పెట్టింది. డెత్ సేవ్‌లు ఒక పక్క, ఎగ్జాషన్ ఇంకో పక్క, పైగా డెత్ సేవ్ కూడా డీ20 రోలే కాబట్టి ఎగ్జాషన్ దాన్నీ కిందికి లాగుతుంది, మూడో లెవెల్‌కి వచ్చేసరికి 10 రావాలంటే డైస్ మీద 16 పడాలి. దానికి బదులు హీలింగ్ మీద నిషేధం ఎత్తేశారు. ఒడ్డు మీంచి హీలింగ్ వర్డ్ వేస్తే నీటి కింద కళ్ళు తెరుస్తాడు. మా క్లెరిక్ ఈ మార్పు చదివి ఆ పాత స్లాట్ తిరిగి ఇమ్మంది. ఇవ్వలేదు.

ఇదే ఆట పాత 3.5 ఎడిషన్ వైపు ఒక చూపు చూడాలి, వినోదానికైనా. అక్కడ కాన్‌స్టిట్యూషన్ స్కోర్‌కి రెట్టింపు రౌండ్లు ఊపిరి, ఆ తర్వాత ప్రతి రౌండూ చెక్, ఫెయిలైతే మొదట హిట్ పాయింట్లు సున్నా అవుతాయి, తర్వాతి రౌండ్ మైనస్ 1, ఆ తర్వాత చావు. సున్నాకి తగ్గుతాయి అని కాకుండా సున్నా అవుతాయి అన్నట్టు రాయడంతో, మైనస్ 9లో చావబోతున్నోడి తల బకెట్ నీళ్ళలో ముంచితే సున్నాకి "బాగుపడతాడు" అని ఆడేవాళ్ళు కనిపెట్టేశారు, ప్రపంచమంతా ఆ జోకు తెలుసు. దాని నుంచి పుట్టిన 2009 పాత్‌ఫైండర్ అనే ఆటలో స్పృహ లేనోడి గురించి మొహమాటం లేకుండా రాశారు, ములిగిన క్షణం నుంచే కాన్‌స్టిట్యూషన్ చెక్‌లు మొదలు, నిల్వ ఊపిరి లేదు, ముందే నీళ్ళలో ఉండి స్పృహ తప్పితే తప్పిన క్షణం నుంచే మొదలు. నేను వెతుకుతున్న వాక్యం అక్కడుంది, 2014 వాళ్ళు దాన్ని ఎందుకు తీసుకోలేదో మరి.

2019లో వచ్చిన పాత్‌ఫైండర్ రెండో ఎడిషన్ ఇంకా కఠినం. 5 ప్లస్ మాడిఫయర్ అన్ని రౌండ్లే ఊపిరి, మన ఫైటర్‌కి 7 రౌండ్లు, 42 సెకన్లు. దాడి చేసినా స్పెల్ వేసినా ఆ టర్న్‌కి రెండు రౌండ్ల గాలి ఖర్చు, క్రిటికల్ దెబ్బ తగిలితే ఇంకోటి పోతుంది, నోరు తెరిచి ఒక్క మాటన్నా ఉన్న గాలంతా పోతుంది. అయిపోతే స్పృహ పోతుంది, డీసీ 20 ఫోర్టిట్యూడ్ (ఒంటి ఓర్పు) సేవ్, ఫెయిలైతే 1డీ10, ఘోరంగా ఫెయిలైతే అక్కడికక్కడే చావు, ప్రతిసారీ డీసీ 5 పెరుగుతుంది. ఇక్కడ స్పృహ తప్పడం కారణం కాదు, ఫలితం, అది నిజానికి దగ్గర. నిజం మాట వచ్చింది కాబట్టి ఒక్క ముక్క, ములిగేవాడు సినిమాల్లో లాగా అరవడు, చేతులు ఊపడు, నిశ్శబ్దంగా కిందకి పోతాడు, పైకి తీశాక మన ఏటి ఒడ్డుల్లో చేసే పొట్ట నొక్కడం, తలకిందులుగా తిప్పడం లాంటివి వద్దు, ఊపిరి లేకపోతే వెంటనే నోటితో ఊపిరి ఊదాలి, గుండె మీద నొక్కాలి, ఎవరో ఒకరు 108కి ఫోన్ చెయ్యాలి, మెదడుకి ఉన్నది కొద్ది నిమిషాలే. ఇది ఆట కాదు కాబట్టి చెప్పాను.

మా టేబుల్ మీద ఇప్పుడు నడిచే పద్ధతి ఇదీ. నీళ్ళలోకి వెళ్ళే క్షణంలో తనకి తెలిస్తే, ఏ కండిషన్‌లో ఉన్నా సరే, పూర్తి ఊపిరి. తెలీకపోతే, అంటే స్లీప్, దెబ్బ తిని స్పృహ తప్పడం లాంటివి, నేరుగా రెండో అంచె. ముందే ఊపిరి బిగబట్టి లోపల ఈదుతున్నోడికి అక్కడ స్పృహ తప్పితే మిగిలిన నిల్వ ఆ క్షణమే పోతుంది. తెలివి లేనోడు తేలుతాడా ములుగుతాడా అన్నది 5వ ఎడిషన్‌లో, అంటే ఈ 2014, 2024 పుస్తకాల్లో, గట్టిగా ఎక్కడా లేదు, ఇనప కవచం వేసుకుంటే కిందికి పోతాడు, లేకపోతే బోర్లా తేలుతాడు అని పెట్టుకున్నాం, బోర్లా తేలినా గాలి అందదు, వెతకడం సులువు అంతే. ఇవన్నీ పడవ ఎక్కకముందే చెప్పేస్తాను, నీళ్ళలో పడ్డాక చెప్తే ఎవడికైనా కోపమే వస్తుంది. కటువుగా ఉందని ఇద్దరు గొణిగారు, కానీ ఆ రోజు నుంచి పడవ మీద ఎవడూ కవచం వేసుకుని పడుకోవట్లేదు, నడుముకి తాడు కట్టుకుంటున్నారు.

2014 రూల్స్‌లోని అబోలెత్ అనే నీటి రాక్షసితో ఆడితే ఇదంతా తిరగబడుతుందని గుర్తుపెట్టుకోండి. దాని జిగురు మబ్బులో డీసీ 14 సేవ్ ఫెయిలైనోడు కొన్ని గంటల పాటు నీటి కింద మాత్రమే ఊపిరి తీసుకోగలడు. వాడు స్పృహ తప్పితే మిత్రులు ప్రేమగా ఒడ్డుకి ఈడ్చుకొస్తారు, అక్కడ మొదలవుతుంది ఉక్కిరిబిక్కిరి, వాడికి తెలివి లేదు కాబట్టి నన్ను నీళ్ళలోనే వదిలెయ్యండి అని చెప్పలేడు.

ఇక మిగిలింది రాయైపోయినోడు, పెట్రిఫైడ్. ప్రాణం లేని పదార్థంగా మారిపోయాడు కాబట్టి వాడికి ఊపిరి అవసరం లేదు అని నా తీర్పు, ఏటి అడుగున ఎన్నాళ్ళున్నా ఏం కాదు. ప్రమాదం బాగుచేసినప్పుడే, నీటి కింద గ్రేటర్ రెస్టొరేషన్ (తిరిగి మనిషిని చేసే స్పెల్) వేస్తే మనిషిగా మారిన క్షణం గుండెల్లో గాలి ఉండదు, నేరుగా రెండో అంచె. కాబట్టి ముందు ఒడ్డుకి తియ్యాలి. తియ్యడం దగ్గర పుస్తకం ఇంకో మెలిక పెట్టింది, రాయైతే బరువు పది రెట్లు. 180 పౌండ్ల మనిషి 1800 పౌండ్లు. స్ట్రెంగ్త్ స్కోర్‌ని 30తో గుణిస్తే ఎంతొస్తుందో అన్ని పౌండ్లు ఎత్తగలరు, ఈడ్వగలరు, అంటే 16 ఉన్నోడు 480. అలాంటోళ్ళు నలుగురు కావాలి. మా పార్టీలో 16 ఉన్నోడు ఒక్కడే, వాడే ఏటి అడుగున రాయై కూర్చున్నాడు, మిగతా ముగ్గురూ ఒడ్డు మీద ఎడ్లబండి బేరం ఆడుతున్నారు.